తోకచుక్క హేలీ.. బీమా లెక్కకూ ఆయనే!

ఎడ్మండ్ హేలీ అనగానే మీకు తోకచుక్కే గుర్తొస్తుంది. హైస్కూల్లో ఒక మార్కు ప్రశ్న. 1986లో వచ్చింది, మళ్ళీ 2061లో వస్తుంది. అక్కడితో వదిలేశాం. కానీ మీ నాన్న ఏటా కట్టే బీమా ప్రీమియం ఉంది చూడండి, దాని వెనకున్న లెక్కకు మొదటి గట్టి నమూనా వేసింది కూడా ఈయనే. ఇన్సూరెన్స్‌లో ఉద్యోగమంటే పాలసీలు పట్టుకుని చుట్టాల ఇళ్ళ చుట్టూ తిరగడమే అనుకుంటున్నారా? అయితే ఈయన కథ మీకోసమే.

హేలీ 1656లో లండన్ దగ్గర పుట్టాడు. తండ్రి సబ్బుల వ్యాపారి, అద్దెకిచ్చే ఇళ్ళు కూడా ఉండేవి. తొమ్మిదేళ్ళ వయసులో లండన్ మహా అగ్నిప్రమాదం చూశాడు. ఆ మంటల్లో తండ్రికీ నష్టం జరిగింది. అప్పటికి ఇంటికి బీమా అనే వ్యాపారమే అక్కడ లేదు. ఆ ప్రమాదం తర్వాతే మొదలైంది.

20 ఏళ్ళకు ఆక్స్‌ఫర్డ్ చదువు మధ్యలో వదిలేసి, ఈస్టిండియా కంపెనీ ఓడెక్కి సెయింట్ హెలెనా దీవికి వెళ్ళిపోయాడు. దక్షిణాకాశంలో 341 నక్షత్రాల స్థానాలు కొలిచి తెచ్చాడు. డిగ్రీ పూర్తి చేయకపోయినా రాజు రెండో చార్లెస్ చెప్పి పట్టా ఇప్పించాడు. 22 ఏళ్ళకే రాయల్ సొసైటీ సభ్యుడు. డ్రాపౌట్ కథ కదా అని సంబరపడకండి. తండ్రి ఏడాదికి 300 పౌండ్లు పంపేవాడు. ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు ఈ ముక్క మాత్రం దాచేస్తారు.

1684లో ఆ ఆసరా పోయింది. తండ్రి ఇంటి నుంచి వెళ్ళి కనిపించకుండా పోయాడు. కొన్ని వారాలకు నది ఒడ్డున శవం దొరికింది. ఆస్తి మీద సవతి తల్లితో వివాదం. అప్పటికే హేలీకి పెళ్ళయింది. 1686లో రాయల్ సొసైటీలోనే క్లర్కుగా చేరాడు. ఉత్తరాలు రాయడం, వచ్చిన పేపర్లు చూసి పత్రికలో వేయడం పని. జీతం 50 పౌండ్లు. కానీ సొసైటీ అప్పుడే చేపల మీద ఓ భారీ పుస్తకం అచ్చేసి చేతులు కాల్చుకుంది, కొనేవాళ్ళు లేరు. దాంతో హేలీకి జీతం కింద అవే చేపల పుస్తకాలు 50 ఇచ్చింది! శాలరీ బదులు షేర్లిస్తామనే స్టార్టప్‌లు వీళ్ళ ముందు చాలా నయం. న్యూటన్ 'ప్రిన్సిపియా' అచ్చుకూ సొసైటీ దగ్గర డబ్బుల్లేకపోతే, ఖర్చంతా హేలీయే పెట్టుకుని 1687లో బయటికి తెచ్చాడు.

అసలు విషయానికొద్దాం. 1690ల్లో ఇంగ్లండ్ ప్రభుత్వానికి ఫ్రాన్స్‌తో యుద్ధం కోసం డబ్బు కావాలి. అందుకని జీవితాంత పింఛన్లు అమ్మింది. ఇప్పుడు మనం యాన్యుటీ అంటున్నది అదే. 100 పౌండ్లు కడితే, ఎవరి పేరు మీద కట్టారో వాళ్ళు బతికున్నంతకాలం ఏటా 14 పౌండ్లు. ఆ మనిషికి పదేళ్ళా, డెబ్బై ఏళ్ళా అన్నది ఎవరూ అడగలేదు. అందరికీ ఒకటే రేటు. అటు ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌస్‌లో ఓడలకు బీమా రాసేవాళ్ళదీ అనుభవం మీద వేసిన అంచనాయే.

ఇదే సమయంలో క్లర్కు పని పుణ్యమా అని హేలీ చేతికి ఓ డేటా వచ్చింది. బ్రెస్లౌ నగరంలో, అంటే నేటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో, కాస్పర్ న్యూమన్ అనే పాస్టర్ జనన మరణాల వివరాలు కూర్చాడు. 49, 63 లాంటి వయసులు గండాలని జనం నమ్మేవారు. అది నిజమేనా తేల్చాలని ఆయన పట్టుదల. మనకూ జాతకాల్లో గండాలు కొత్త కాదు కదా.

1687 నుంచి 1691 వరకు ఐదేళ్ళలో 6,193 జననాలు, 5,869 మరణాలు. లండన్ మరణాల లెక్కలు అంతకుముందే ఉన్నాయి కానీ వాటిలో చనిపోయినవాళ్ళ వయసు రాయలేదు. పైగా లండన్‌కు బయటి నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ. అక్కడ పోయినవాళ్ళంతా అక్కడ పుట్టినవాళ్ళు కాదు. బ్రెస్లౌకు వలసలు తక్కువ, పుట్టేవాళ్ళూ పోయేవాళ్ళూ దాదాపు సమానం. నన్నడిగితే హేలీ తెలివి కూడికలు, తీసివేతల్లో కంటే ఇక్కడే ఉంది. దొరికిన డేటా కాదు, ప్రశ్నకు పనికొచ్చే డేటా ఏదో ఆయనకు తెలుసు. డేటా సైన్స్ కోర్సుల్లో చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా మోడల్ దగ్గరికి పోతారు.

1693లో హేలీ పట్టిక అచ్చయింది. మొదటి ఏడాది వయసులో 1,000 మంది ఉంటే, 20 ఏళ్ళకు 598 మంది మిగులుతారు. 40కి 445, 60కి 242, 80కి 41. దీంతో ఏం చేయొచ్చో చూడండి. 40 ఏళ్ళ మనిషి ఇంకో ఏడేళ్ళు బతుకుతాడా? 47కి 377 మంది ఉన్నారు, మధ్యలో పోయింది 68 మంది. అంటే బతికే అవకాశం ఐదున్నరకు ఒకటి. మీకిప్పుడు 20 అనుకుందాం, 2061 నాటికి 55 దాటతాయి. తోకచుక్కను చూస్తారా? బ్రెస్లౌలో పుట్టుంటే కష్టమే. 598లో 55కి మిగిలేది 292, సగం కూడా లేరు.

తర్వాత 6 శాతం వడ్డీతో పింఛను విలువ కట్టాడు. ఏటా ఒక పౌండు చొప్పున జీవితాంతం ఇవ్వాలంటే పదేళ్ళ పిల్లాడికి 13.44 పౌండ్లు తీసుకోవాలి. 70 ఏళ్ళాయనకైతే 5.32 చాలు. ఈ సంఖ్యల్ని 14తో గుణించండి. ప్రభుత్వం పదేళ్ళ పిల్లాడి పేరు మీద 100 పౌండ్లకు అమ్మిన పింఛను అసలు విలువ 188. డెబ్బై ఏళ్ళాయనకు దక్కింది 75 కూడా కాదు. తెలిసినవాళ్ళు ఏం చేస్తారు? పిల్లల పేరు మీదే కొంటారు. అందరికీ ఒకే రేటు పెడితే, ఆ రేటుతో లాభపడేవాళ్ళే ఎగబడి వస్తారు. జబ్బు బయటపడ్డాకే హెల్త్ పాలసీ కోసం పరిగెత్తడమూ ఇదే. ఇన్సూరెన్స్ ఇంటర్వ్యూకు వెళ్తే యాంటీ సెలెక్షన్ అన్న మాట వినపడుతుంది, అదిదే.

మరి ప్రభుత్వం మారిందా? లేదు. ఇంకా చాలా దశాబ్దాలు వయసు చూడకుండానే పింఛన్లు అమ్మింది. పట్టికను పట్టుకున్నది లెక్కల మాస్టార్లు. హేలీ మిత్రుడు డి మోయివర్ దానిమీదే 1725లో యాన్యుటీల పుస్తకం రాశాడు. వయసు 45 దాటిందని ఓ బీమా సంఘం చేర్చుకోకపోవడంతో జేమ్స్ డాడ్సన్ అనే ఆయన వయసును బట్టి ప్రీమియం ఉండాలని లెక్కలు వేశాడు. ఆయన పోయాక, 1762లో ఈక్విటబుల్ సంస్థ ఆ పద్ధతిలో మొదలైంది. యాక్చువరీ అనే హోదా కూడా అక్కడి నుంచే వచ్చింది.

హేలీ లెక్కలో ఒక షరతు దాగుంది. నిన్నటిలాగే రేపూ ఉంటుందని, ఒకరి చావుకు ఇంకొకరితో సంబంధం లేదని. ఈ రోజు పరిశ్రమకు తలనొప్పి సరిగ్గా అక్కడే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగింది ఒక ఇల్లు కాదు, కాలనీలకు కాలనీలు. బండ్లు, ఇళ్ళు, దుకాణాల క్లెయిములన్నీ ఒకేసారి పడతాయి. పాత వానల రికార్డు చూసి రేటు పెడితే సరిపోదు. అటు జనం ఎక్కువకాలం బతుకుతున్నారు. అది మంచిదే, కానీ పింఛను ఇచ్చే సంస్థకు అదే రిస్కు. సైబర్ దాడులకైతే నమ్మదగ్గ పాత డేటాయే తక్కువ. వీటికి రేట్లు కట్టేవాళ్ళు, మోడల్స్ రాసేవాళ్ళు, రీఇన్సూరెన్స్ చూసేవాళ్ళు కావాలి.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రిస్క్ మేనేజ్‌మెంట్ కోర్సులు నడిపే ఐఐఆర్‌ఎంను 2002లో పెట్టిందీ ఇక్కడే. యాక్చువరీ కావాలంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పెట్టే ఏసెట్ గట్టెక్కాలి. ఇంటర్ పాసైనవాళ్ళూ రాయొచ్చు. ఆ తర్వాత పరీక్షలు మాత్రం ఏళ్ళ తరబడి సాగుతాయి. ఆరు నెలల్లో అయిపోతుందని ఎవరైనా చెబితే ఫీజు కట్టకండి. చాలామంది ఉద్యోగం చేస్తూనే ఒక్కో పేపరు రాసుకుంటూ పోతారు.

హేలీకి కూడా ఉద్యోగం ఊరికే రాలేదు. 1691లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ పోస్టుకు ప్రయత్నిస్తే, దైవభక్తి లేదన్న పేరు అడ్డొచ్చి వేరొకరికి పోయింది. ఓ పుష్కరం తర్వాత అదే ఆక్స్‌ఫర్డ్‌లో జామెట్రీ ప్రొఫెసరయ్యాడు. ఈలోపు నాణేల టంకశాలలో పనిచేశాడు, ఓడకు కెప్టెన్‌గా అట్లాంటిక్ తిరిగాడు. 63 ఏళ్ళకు రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడి పదవి వస్తే, చంద్రుడి మీద 18 ఏళ్ళు పట్టే పరిశీలన మొదలెట్టి పూర్తి చేశాడు కూడా. తోకచుక్క 1758లో తిరిగొస్తుందని చెప్పినప్పుడే, అప్పటికి తనకు 102 ఏళ్ళు నిండుతాయని ఆయనకు తెలుసు. ఆ ఏడాది క్రిస్మస్ రాత్రి అది నిజంగానే కనిపించింది. హేలీ 1742 జనవరిలో పోయాడు. వయసు 85. బ్రెస్లౌ పట్టికలో విడిగా రాసిన చివరి వయసు 84.