యంత్రం ఎక్కడ ఆగాలి? దల్లీ గనుల్లో శంకర్ గుహా నియోగీ లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల విభాగం అంటే ఎవరూ కోరుకోని చోటు. బొగ్గును గాలి తగలకుండా కాల్చే పొయ్యిలు, వాటి పైకప్పు మీద నడవాలంటే చెక్క చెప్పులు, ఊపిరి నిండా పొగ. 1960ల మొదట్లో బెంగాల్ నుంచి వచ్చి ఆ విభాగంలో చేరిన ధీరేశ్ గుహా నియోగీకి అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండినట్టు లేవు. జల్పాయిగురిలో చదువుకుని, పని వెతుక్కుంటూ వచ్చిన మధ్యతరగతి కుర్రాడు. సోవియట్ సాయంతో కట్టిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగి (1959) రెండు మూడేళ్లే అయింది. దేశం నలుమూలల నుంచి జనం వచ్చి పడుతున్నారు. తెలుగువాళ్లు, మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు. చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ పల్లెలవాళ్లు మాత్రం తమ పొలాలున్న చోటే కట్టిన కర్మాగారం గేటు బయట, కాంట్రాక్టర్ల దగ్గర మిగిలారు. నియోగీ జీవితమంతా ఆ గేటు బయటి మనుషుల చుట్టూనే తిరిగింది.

కార్మిక సంఘంలో చురుగ్గా ఉన్నందుకు 1960ల చివర్లో ఆయన ఉద్యోగం పోయింది. నక్సల్బరీ ప్రభావంతో కొంతకాలం ఆ రాజకీయాల్లో తిరిగి, జనంతో పెద్దగా పొత్తులేని పద్ధతి నచ్చక బయటికి వచ్చేశారు. ఆ తర్వాతి కొన్నేళ్లు అజ్ఞాతం. పేరు శంకర్‌గా మారింది. మేకలమ్మారు, ఊళ్లు తిరిగారు, దానీటోలా క్వార్ట్‌జైట్ క్వారీలో రాళ్లు కొట్టారు. అక్కడే తోటి కూలీ ఆశాను పెళ్లి చేసుకున్నారు. ఛత్తీస్‌గఢీ మాటా, గని పనీ ఆయనకు వంటబట్టింది ఆ రోజుల్లోనే. తర్వాత ఇంజనీర్లతో టన్నుల లెక్కలు మాట్లాడినప్పుడు ఉపయోగపడింది ఈ చదువే.

ఎమర్జెన్సీలో మీసా కింద ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. బయటికి వచ్చేసరికి దల్లీ రాజహరాలో పరిస్థితి మారిపోయి ఉంది.

భిలాయికి దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కొండలే కర్మాగారానికి ఖనిజం ఇచ్చేవి. కొంత యంత్రాలతో తవ్వేవారు. మిగతాది కాంట్రాక్టు కూలీలు చేత్తో తవ్వేవారు. మగవాళ్లు సమ్మెటతో రాయి పగలగొడితే ఆడవాళ్లు తట్టల్లో మోసి లారీల్లోకి ఎత్తేవారు. భార్యాభర్తలు జంటగా పని చేయడం మామూలు. కూలి టన్నుకింత అని. లారీ రాకపోతే ఆ రోజు కూలి లేదు. 1977లో గుర్తింపు ఉన్న సంఘాలు యాజమాన్యంతో బోనస్ ఒప్పందం చేసుకున్నాయి. శాశ్వత ఉద్యోగికి 308 రూపాయలు, అదే గనిలో అదే రాయి కొట్టే కాంట్రాక్టు కూలీకి 70. వేలమంది ఆ సంఘాలను వదిలేసి బయటికి వచ్చారు. జైలు నుంచి వచ్చిన నియోగీని వెతికి పిలుచుకున్నారు. ఆ మార్చిలో ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పుట్టింది.

మొదటి కోరికలు చాలా చిన్నవి: పని లేని రోజుకు కొంత కూలి, వానాకాలం ముందు గుడిసె కప్పుకోవడానికి వంద రూపాయలు. ఒప్పుకున్నట్టే ఒప్పుకుని కాంట్రాక్టర్లు వెనక్కి తగ్గారు. జూన్ 2 రాత్రి పోలీసులు నియోగీని పట్టుకుపోయారు. జనం పోలీసులను చుట్టుముట్టారు. ఆ రాత్రి, మర్నాడు జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. వాళ్లలో అనసూయాబాయి అనే కార్మికురాలు ఉంది. వంద రూపాయల దగ్గర మొదలైన వ్యవహారం అది.

అసలు పరీక్ష ఆ తర్వాతే ఎదురైంది. ఈసారి అడ్డం వచ్చింది యంత్రం.

అప్పటికి కర్మాగారం సామర్థ్యాన్ని 40 లక్షల టన్నులకు పెంచే పని మొదలైంది. పెద్ద ఫర్నేసులకు ఒకే సైజు ఖనిజం, ఆగకుండా, పెద్ద మొత్తంలో కావాలి. చేత్తో తవ్వే దల్లీ గనులను కూడా పూర్తిగా యంత్రాలకు అప్పగిస్తే సరిపోతుందని యాజమాన్యం ఆలోచన. వాళ్ల వైపు నుంచి చూస్తే ఇందులో అన్యాయమేమీ కనిపించదు. ప్రపంచమంతా గనులు అటే వెళ్తున్నాయి.

అదే సమయంలో బస్తర్‌లోని బైలాడిలాలో ఏం జరిగిందో దల్లీ కూలీలు చూశారు. అరకు లోయ మీదుగా కొత్తవలస దిగి విశాఖ రేవుకు వచ్చే ఖనిజం రైళ్లు తెలుగు పాఠకులకు కొత్త కాదు. జపాన్ ఉక్కు మిల్లుల కోసం బయలుదేరే ఆ రైళ్లు మొదలయ్యేది కిరండూల్ దగ్గర. అక్కడ యంత్రాలు వచ్చాక చేత్తో తవ్వే కాంట్రాక్టు కూలీలు వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. 1978 ఏప్రిల్ 5న వాళ్ల మీద కాల్పులు జరిగాయి, గుడిసెలు తగలబడ్డాయి. మార్కెట్ ఎక్కడో జపాన్‌లో ఉంది, యంత్రం కొండ మీద ఉంది, మధ్యలో ఉన్నవాళ్లు పోయారు.

ఇలాంటప్పుడు సంఘాలు మామూలుగా రెండిట్లో ఒకటి చేస్తాయి. యంత్రం వద్దే వద్దని ధర్నా చేస్తాయి, లేదా పరిహారం మాట్లాడుకుని సంతకం పెడతాయి. నియోగీ మూడో దారి పట్టారు. గని పనిని ముక్కలుగా విడదీశారు. బండకు రంధ్రం వేయడం, పేల్చడం, పగలగొట్టడం, ఏరడం, ఎత్తడం, రవాణా, నలగ్గొట్టడం, కడగడం. ఇందులో ఏ ముక్కలో మనిషి ఒళ్లు హూనమవుతోంది, ఏ ముక్కలో మనిషి కన్ను యంత్రం కన్నా మెరుగు, ఏ ముక్కలో యంత్రం నిజంగా ఖర్చు తగ్గిస్తుంది అని అడిగారు. దీనికి పెట్టిన పేరు అర్ధ యాంత్రీకరణ. మనిషిని చంపే పనులకు యంత్రం రానివ్వండి, రాయి ఏరి ఎత్తే పని కూలీలకు ఉంచండి అన్నది సారాంశం. చేత్తో ఏరిన ఖనిజంలో పనికిరాని రాయి తక్కువ పడుతుంది కాబట్టి నాణ్యత ఎక్కువ, పెట్టుబడి తక్కువ, విదేశీ మారకం మిగులుతుంది అని సంఘం వాదించింది. దయ చూపమని అడగలేదు. యాజమాన్యం మాట్లాడే ఖర్చు భాషలోనే ప్రతిపాదన రాసి బల్ల మీద పెట్టింది.

దల్లీలో పూర్తి యాంత్రీకరణ ఏళ్ల తరబడి ఆగింది. కంపెనీ తన టెక్నాలజీ నిర్ణయాన్ని కూలీల లెక్క చూసి వాయిదా వేసుకోవడం మన దేశ పారిశ్రామిక చరిత్రలో అరుదు.

ఆ లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. యంత్రం వస్తే ముందు పోయేది ఆడవాళ్ల పని. కొత్త యంత్రాల మీద శిక్షణ మగవాళ్లకే ఇస్తారు. తట్ట మోసే మనిషి అవసరం తీరిపోతుంది. దల్లీ ఉద్యమంలో ఆడవాళ్లు అంత గట్టిగా నిలబడడానికి ఇది ఒక పెద్ద కారణం.

కూలి పెరిగింది. పెరిగిన కూలి సారా దుకాణానికి పోవడం మొదలైంది. అప్పుడు సంఘం మద్యం మీద యుద్ధం ప్రకటించింది. సారా వ్యాపారుల పగ నియోగీకి అప్పటినుంచే మొదలైంది. కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆస్పత్రి 1983 జూన్ 3న తెరుచుకుంది. కాల్పుల్లో పోయినవాళ్ల రోజు అది. ఎరుపూ ఆకుపచ్చా కలిసిన జెండా కింద ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా ఏర్పడింది. రాజనాందగావ్‌లోని పాత బట్టల మిల్లుకూ ఉద్యమం పాకింది. అక్కడా 1984లో కాల్పులు, చావులు.

1990లో నియోగీ మళ్లీ భిలాయి వచ్చారు. ఈసారి ఉక్కు కర్మాగారం కోసం కాదు, దాని చుట్టూ మొలిచిన ప్రైవేటు ఇంజనీరింగ్ కంపెనీలు, డిస్టిలరీలు, జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ కోసం. ప్రభుత్వరంగ కర్మాగారం ఆర్డర్ల మీద బతికే చిన్న పరిశ్రమలు చాలావరకు కాంట్రాక్టు కూలీలతోనే నడిచేవి. పర్మనెంటు ఉద్యోగం, బతకడానికి సరిపడే జీతం, సంఘం పెట్టుకునే హక్కు అడిగినందుకు వేలమందిని తీసేశారు. 1991 ఫిబ్రవరిలో నియోగీని పాత కేసుల మీద జైల్లో పెట్టారు, ఏప్రిల్‌లో హైకోర్టు బెయిలుతో బయటికి వచ్చారు. జిల్లాల నుంచి బహిష్కరించే ప్రయత్నమూ జరిగింది. సెప్టెంబర్‌లో కార్మికులను వెంటబెట్టుకుని ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతిని కలిశారు. తన ప్రాణానికి ముప్పుందని ఆయనకు తెలుసు. అనుమానమున్న వాళ్ల గురించి ఒక క్యాసెట్టులో చెప్పి పెట్టారు కూడా.

ఆ జూలై 24న ఢిల్లీలో కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. లైసెన్సులు పోయాయి, విదేశీ పెట్టుబడికి తలుపులు తెరుచుకున్నాయి. రెండు నెలల తర్వాత, సెప్టెంబర్ 28 తెల్లవారకముందే, భిలాయి హడ్కో కాలనీలోని ఇంట్లో నిద్రపోతున్న నియోగీని కిటికీలోంచి కాల్చి చంపారు. వయసు 48. ఆఖరి చూపు కోసం దల్లీ రాజహరాకు జనం పోటెత్తారు. మరుసటి ఏడాది జూలై 1న పట్టాల మీద కూర్చున్న భిలాయి కార్మికుల మీద జరిగిన కాల్పుల్లో పదిహేను మందికి పైగా చనిపోయారు.

హత్య కేసులో కింది కోర్టు 1997లో కాల్చిన వ్యక్తితో పాటు పారిశ్రామికవేత్తలకూ శిక్ష వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ వదిలేసింది. 2005 జనవరిలో సుప్రీంకోర్టు కాల్చిన పల్టన్ మల్లాకు యావజ్జీవం ఖాయం చేసి, మిగతావాళ్ల విడుదలను అలాగే ఉంచింది.

దల్లీలో అర్ధ యాంత్రీకరణ ఎక్కువకాలం నిలవలేదు. ఎవరినీ గెంటివేయలేదు గానీ, రిటైరైన వాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోలేదు. సంఘం ఉన్నవాళ్ల పనిని కాపాడగలిగింది. వాళ్ల పిల్లలకు పని చూపలేకపోయింది. ఉద్యమం గురించి అభిమానంగా రాసేవాళ్లు ఈ మాట దాటవేస్తుంటారు. కొండల్లో మంచి ఖనిజం తగ్గిపోయి, భిలాయి చూపు ఇప్పుడు రావ్‌ఘాట్ వైపు మళ్లింది.

జాముల్ కథ మరో రకంగా సాగింది. అక్కడి ఏసీసీ ఫ్యాక్టరీ 2005లో స్విస్ కంపెనీ హోల్సిమ్ చేతిలోకి వెళ్లింది. హోల్సిమ్ 2015లో ఫ్రెంచి కంపెనీ లఫార్జ్‌తో కలిసింది. 2022లో ఏసీసీ అదానీల పాలైంది. యజమాని మారినప్పుడల్లా ఫ్యాక్టరీ విలువ కట్టారు, బ్రాండు విలువ కట్టారు. కాంట్రాక్టు కార్మికులు మాత్రం ఏళ్ల తరబడి కాంట్రాక్టరు పద్దులోనే ఉన్నారు. నియోగీ బాటలో నడిచే అక్కడి సిమెంటు కార్మికుల సంఘం 2012లో తన ఫిర్యాదును స్విట్జర్లాండ్ ప్రభుత్వ కార్యాలయం దాకా తీసుకెళ్లింది. 1977లో దల్లీ కూలీలు 308కీ 70కీ మధ్య తేడా ఎందుకని అడిగారు. జాముల్ వాళ్లు అడిగిందీ అదే, ఒకే పనికి రెండు జీతాలెందుకని.