డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారు – తల్లులను కాపాడిన పరిచర్య

తెలుగుదేశమందలి మిషన్ ఆసుపత్రుల చరిత్రలో మొదట తలచుకొనదగిన పేర్లలో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ గారి పేరు ఒకటి. ఆమె లూథరన్ సంఘమునకు చెందినవారు. పనిచేసిన చోటు గుంటూరు. మన ప్రాంతమున పాటుపడినది లండన్ మిషన్ వారు. అయినను చిలమకూరు, ఎర్రగుంట్ల వారికి జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ఎట్టిదో, గుంటూరు సీమవారికి కుగ్లర్ ఆసుపత్రి అట్టిది. విదేశములందలి అనాథ బిడ్డల కొరకు మన సంఘములు కానుకలు పట్టవలెనని తలంచు ఈ దినములలో, ఒకప్పుడు మన బిడ్డల కొరకు ఇతరులు కానుకలు పట్టిన విధమును ఆమె జీవితము మనకు తెలియజేయును.

కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున ఆర్డ్‌మోర్ అను ఊరిలో జన్మించిరి. స్త్రీలు వైద్యము చదువుట అరుదైన ఆ కాలములో, ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చదివి 1879లో పట్టము పొందిరి. తరువాత నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేసిరి. స్వదేశములోనే గౌరవముతో, సుఖముగా జీవించుటకు ఆమెకు మార్గము తెరచియుండెను.

గుంటూరు మిషనుకు వైద్యము కొత్త కాదు. 1842లో దానిని ప్రారంభించిన హేయర్ అయ్యగారు సెలవుపై స్వదేశము వెళ్లినప్పుడు వైద్యము చదివి డాక్టరై తిరిగివచ్చిరి. కాని మన స్త్రీల వ్యాధులను పురుష వైద్యులు చూచుటకు ఆచారము అడ్డు వచ్చెను. ఘోషాలోని స్త్రీ ఎంత బాధలోనున్నను పరపురుషుని ఎదుటికి రాకూడదు. కాన్పు కష్టమైనచో మంత్రసాని చేతనైనది చేయును. ఆపై చేయగలది లేదు. తల్లి చనిపోయిన ఇంట పసిబిడ్డ కూడ ఎక్కువ దినములు బ్రతుకుట కష్టము. గుంటూరులో మిషనెరీగా నున్న రో అయ్యగారు ఒక స్త్రీ వైద్యురాలి అవసరతను గుర్తించి కుగ్లర్ గారికి లేఖ వ్రాసిరి. ఆయనను అమెరికాలోని సండేస్కూలు పిల్లలు తమ చిల్లర కానుకలతో పంపియుండిరి. 1882లో ఆయన గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన పిలుపు మాత్రము వ్యర్థము కాలేదు.

కుగ్లర్ గారు తమ సంఘపు స్త్రీల మిషనెరీ సమాజమునకు తమ్మును తాము అర్పించుకొనిరి. అయితే సమాజమువారు వైద్య పరిచర్య ప్రారంభించుటకు ఇంకను సిద్ధముగా లేరు. వారి ధనమంతయు ఊరూర స్త్రీలు కూడబెట్టిన చిన్న కానుకలే. ఆసుపత్రి అనగా భవనములు, మందులు, నర్సులు, సంవత్సరము సంవత్సరమునకు పెరుగు ఖర్చు. కనుక ఆమెను వైద్యురాలిగా గాక, బాలికల బోధకురాలిగాను, ఘోషా స్త్రీలను దర్శించు పనివారిగాను పంపిరి. ఆమె ఆ మాటకు ఒప్పుకొని, మందుల పెట్టెను మాత్రము విడువక, 1883 నవంబరులో గుంటూరు చేరిరి.

చేరిన తరువాత రోగులే ఆమెను వెదకుకొనుచు వచ్చిరి. పాఠశాల పని మానక, మొదటి సంవత్సరమందే నాలుగు వందలకు పైగా రోగులకు చికిత్స చేసిరి. కొన్ని ఇండ్లలో ఆమె తాకిన యెడల మైలయని తలంచిరి. ఆమె కోపగించుకొనలేదు, పిలిచిన ఇంటికి మరల వెళ్లుచునే యుండిరి. ఆ సంఖ్యలును ఆ అవసరతయు సముద్రము దాటి సమాజమువారికి చేరెను. 1885 డిసెంబరులో వారు తమ మొదటి తీర్మానమును మార్చుకొని ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి.

ఇచ్చట మనము ఆగి ఆలోచింపవలెను. కానుక ఇచ్చువారికి తమ ఊహలో ఒక పని యుండును; దూరమున కష్టపడువారి కన్నులకు వేరొక అవసరత కనబడును. ఇచ్చితిమి గనుక మేము చెప్పినదే జరుగవలెనని ఆ స్త్రీలు పట్టుపట్టినయెడల గుంటూరులో ఆ ఆసుపత్రి లేచియుండెడిది కాదు. వారు విని, నమ్మి, మరల ఇచ్చిరి.

అప్పటికిని పని త్వరగా జరుగలేదు. కుగ్లర్ గారు సెలవులో స్వదేశము వెళ్లి సంఘములకు అవసరతను వివరించిరి. 1893లో డిస్పెన్సరీయు, 1898 జూన్ 23న ఆసుపత్రియు తెరవబడెను. అనగా ఆమె వచ్చిన పదునైదు సంవత్సరములకు! తరువాత ప్రసూతి వార్డు, చిన్నపిల్లల వార్డు చేరెను. తెలుగు బాలికలు నర్సులుగా తర్ఫీదు పొందిరి. మొదట మైలయని తలంచిన దేశములోనే ఏలూరు రాజావారు రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి యొద్ద సత్రము కట్టించిరి. 1905లో ప్రభుత్వమువారు ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1928లో ఆమె ఆసుపత్రి చరిత్రను గ్రంథముగా వ్రాసి ప్రచురించిరి. 1930 జూలై 26న గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. తరువాత ఆసుపత్రికి ఆమె పేరే స్థిరపడెను.

ప్రియులారా, అనాథలకు సహాయము అనగానే మనము వసతి గృహమును, బట్టలను, అన్నమును తలంచుదుము. అవి కావలసినవే. కాని కాన్పులో తల్లి చనిపోకుండ చూచుట అంతకంటె ముందు చేయవలసిన పని. ప్రాణముతో ఇల్లు చేరిన ప్రతి తల్లి వెనుక అనాథ కాకుండ మిగిలిన బిడ్డలు ఎందరో! వారి పేర్లు ఏ అనాథాశ్రమపు రిజిస్టరులోను కనబడవు. కనుకనే ఈ పరిచర్యకు కానుక ఇచ్చుటకు ఎక్కువ విశ్వాసము కావలెను.

పెన్సిల్వేనియా స్త్రీలకు మన దేశమే విదేశము. మన బిడ్డలే వారెన్నడును చూడని విదేశపు బిడ్డలు. నేడు మన స్త్రీల మైత్రి సభ్యురాండ్రు దాచు పిడికెడు బియ్యము, కోతపండుగలో మన రైతులు తెచ్చు జొన్నల మూట చిన్నవని ఎవరును చిన్నబుచ్చుకొనవద్దు. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు గమనించెను గదా! ఇచ్చునప్పుడు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొందము: అచ్చట పనిచేయువారి మాట విందము, ఒక్క సంవత్సరముతో విడువకుందము, తల్లిని, బిడ్డను కలిపి తలంచుదము. మనము పొందిన మేలు తీర్చుటకు ఇంతకంటె తగిన మార్గము లేదు.

దేవునికే మహిమ కలుగును గాక.