జార్జ్ డి హెవెషీ: జాడ చెప్పిన పరమాణువు

నేటి పెద్ద ఆసుపత్రులలో ఎముకలకో, గుండెకో, థైరాయిడ్ గ్రంథికో ఒక విశేషమైన స్కాన్ తీస్తారు. అందుకు ముందుగా రోగి నరంలోనికి రేడియోధార్మిక పదార్థాన్ని అతి స్వల్పంగా ఎక్కిస్తారు. అది శరీరంలో ఎక్కడెక్కడ చేరినదో యంత్రం చిత్రంగా చూపుతుంది. ఈ విద్యకు మూలపురుషుడు జార్జ్ డి హెవెషీ. ఆయన కృషి ఒక అపజయంతో ఆరంభమైనది గనుక విద్యార్థులు ఆయన చరిత్రను తెలుసుకోవడం అవసరం.

హెవెషీ 1885 ఆగస్టు 1న హంగరీ దేశపు బుడాపెస్టులో జన్మించాడు. 1908లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో డాక్టరేటు పొంది, 1911లో ఇంగ్లండులోని మాంచెస్టరులో రూథర్‌ఫర్డ్ వద్ద చేరాడు. సీసంలో కలిసివున్న రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థాన్ని వేరుచేయమని గురువు ఆదేశించాడు. శిష్యుడు ఎన్ని రసాయనిక పద్ధతులు ప్రయోగించినా ఫలితం శూన్యం. కారణం తరువాత తేలింది: రేడియం-డి కూడా సీసమే, సీసపు ఐసోటోపు.

హెవెషీ నిరాశపడలేదు. సీసం నుండి విడదీయరానిదైతే, సీసం ఎక్కడికి పోతే అదీ అక్కడికే పోవాలి కదా అని యోచించాడు. మన లాల్‌దర్వాజా బోనాల ఊరేగింపులో వేలమంది నడుమ ఒక్కని చేత లాంతరు ఉంటే, మేడమీద నిలిచినవారికి జనం ఏ దారిన పోతున్నదీ తెలుస్తుంది. రేడియోధార్మిక పరమాణువు అట్టి లాంతరు. 1913లో వియన్నాలో పానెత్‌తో కలిసి ఈ పద్ధతిని నెలకొల్పాడు. 1923లో చిక్కుడుజాతి మొక్కలలో సీసపు సంచారాన్ని కనుగొన్నాడు. 1935లో ఎలుకలకు రేడియోధార్మిక భాస్వరమిచ్చి, ఎముకలు సైతం నిరంతరం నవీకరణ చెందుతున్నవని నిరూపించాడు.

యూదు సంతతివాడైనందున నాజీల పాలనలో 1934లో ఫ్రైబర్గ్ ఆచార్య పదవిని విడిచి కోపెన్‌హాగన్ చేరవలసి వచ్చింది. 1940లో జర్మన్ సైన్యం అక్కడికీ వచ్చినపుడు, లావే, ఫ్రాంక్ అనే శాస్త్రజ్ఞుల నోబెల్ పతకాలు శత్రువుకు చిక్కకుండా ద్రవరాజంలో కరిగించి దాచాడు. యుద్ధానంతరం ఆ బంగారంతోనే పతకాలు తిరిగి పోతపోశారు. 1943లో ఆయన స్వీడనుకు తరలిపోయాడు. ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకే లభించింది.

హెవెషీ లాంతరును వెలిగించగా, దానిని వెలుపలి నుండి చూచే కన్ను తరువాత వచ్చింది. 1950 దశకంలో కాలిఫోర్నియాలో హాల్ యాంగర్ గామా కెమేరాను నిర్మించాడు. దాని ముందుభాగాన అనేక రంధ్రాలు గల సీసపు పలక ఉంటుంది. అది ఏటవాలుగా వచ్చే కిరణాలను అడ్డగించి తిన్ననివాటినే పోనిస్తుంది. దాని వెనుక సోడియం అయోడైడ్ స్ఫటికం. గామా కిరణం తాకగానే అందులో చిరు మెరుపు పుడుతుంది. ఆ వెనుక వరుసలుగా ఉన్న ఫోటోమల్టిప్లయర్ గొట్టాలు మెరుపును విద్యుత్ స్పందనగా మార్చి పెంచుతాయి. ఏ గొట్టానికి ఎంత వెలుగు అందినదో లెక్కించి మెరుపు స్థానాన్ని నిర్ణయిస్తారు. అట్టి అసంఖ్యాక బిందువులే చిత్రమవుతాయి. నేడు విరివిగా వాడే టెక్నీషియం-99ఎమ్ తేజస్సు ప్రతి 6 గంటలకూ సగమవుతుంది. పని ముగిసిన పిదప లాంతరు తానే మలిగిపోతుంది.

హెవెషీ 1966 జూలై 5న, తాను విడిచిపోవలసి వచ్చిన ఫ్రైబర్గ్‌లోనే కన్నుమూశాడు. ప్రయోగశాలలో ఆశించిన ఫలితం రాలేదని చింతించే విద్యార్థి, అది ఎందుకు రాలేదో ఒక్కమారు ఆలోచించుగాక!