గ్రహములకు బాట లెక్కించిన బడిపంతులు – త్సియొల్కోవ్‌స్కీ జీవితము

విద్యకు గురువే మూలమని పెద్దలందురు. గురువు లభింపని వానికి గ్రంథమే గురువగుటయు లోకమున అక్కడక్కడ కానవచ్చును. భారతకథలో ఏకలవ్యుడు మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని విలువిద్య నేర్చెను. గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున రష్యాదేశమందొక చెవిటి బాలుడు గ్రంథాలయమునే గురుకులముగా చేసికొని గణితము నేర్చి, భూమిని విడిచి అన్యగ్రహములకు పోవు వాహనమునకు లెక్క కట్టెను. శుక్రునకైనను, అంగారకునకైనను నౌకను పంపు రాకెట్టు ఏదియైనను ఆ లెక్కకు లోబడి ఎగురవలసినదే. ఆయన పేరు కొన్‌స్టంటీన్ త్సియొల్కోవ్‌స్కీ.

ఆయన 1857వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన రియజాను మండలమందలి ఇజెవ్‌స్కొయె గ్రామమున జన్మించెను. తండ్రి ఎదువార్దు అటవీశాఖలో ఉద్యోగి. తల్లి మరియా. సంతానము అధికము, రాబడి స్వల్పము. బాలునకు సుమారు పదియేండ్ల ప్రాయమున స్కార్లెటు జ్వరము సోకెను. ప్రాణము దక్కెను గాని వినికిడి చాలవరకు పోయెను. పంతులు చెప్పు పాఠము చెవికెక్కదు. తోడిపిల్లల ఆటలలో చోటు లేదు. కొలది యేండ్లకే తల్లియు కన్నుమూసెను. పిమ్మట బడిచదువును ఆగిపోయెను.

తండ్రి యింటనున్న కొలది పుస్తకములే ఆ బాలునకు మిగిలిన తోడు. ఒక గణితగ్రంథమున దూరమును కొలుచు పద్ధతి చదివి, దానికి వలయు కోణమాపక యంత్రమును తానే చేసికొని, ఇంటి కిటికీనుండి అగ్నిమాపక గోపురమునకు గల దూరమును గణించెను. నాలుగువందల అర్షీనులని తేలెను. వెంటనే వెడలి నేలపై కొలిచిచూడగా లెక్క సరిపోయెను. కదలకుండ కూర్చున్నచోటినుండి దూరముననున్న దానిని తెలిసికొనవచ్చునను నమ్మకము ఆనాడు ఆ బాలుని మనస్సున నాటుకొనెను. తరువాతి జీవితమంతయు ఆ నమ్మకము పెరిగిన తీరే.

కుమారుని తెలివి గుర్తించి తండ్రి 1873లో ఆతనిని మాస్కో నగరమునకు పంపెను. అప్పటికి ఆతనికి పదునారేండ్లు. ఏ కళాశాలయందును చేరలేదు. ఇంటినుండి వచ్చెడి పది పదునైదు రూబుళ్లలో అధికభాగము పుస్తకములకును, రసాయన ద్రవ్యములకును వెచ్చించి, నల్లరొట్టెయు నీళ్లును ఆహారముగా గడిపెను. ఆమ్లములు పడి దుస్తులు చిల్లులు పడెను. ప్రతిదినము ఆయన పోయెడి చోటు చెర్త్‌కోవ్ గ్రంథాలయము. అచట చదువుటకు రుసుము లేదు.

ఆ గ్రంథాలయమున నికొలాయ్ ఫ్యోదొరోవ్ అను ఉద్యోగి యుండెను. ఆయన ఏకాంతజీవి, నిరాడంబరుడు. తన జీతమును పేద విద్యార్థులకును, పుస్తకములకును పంచెడివాడు. చినిగిన బట్టలతో మౌనముగా చదువుకొనుచున్న చెవిటి యువకుని ఆయన కనిపెట్టి, వలసిన గ్రంథమెల్ల తెచ్చి ముందుంచెను. మూడేండ్లలో త్సియొల్కోవ్‌స్కీ ఉన్నతగణితము, భౌతికశాస్త్రము, ఖగోళశాస్త్రము తనంత తానే నేర్చెను. ఏ విశ్వవిద్యాలయమును ఆయనకు పట్టమీయలేదు. ఆ పఠనమందిరమే ఆయన విశ్వవిద్యాలయము.

1876లో ఇంటికి మరలెను. 1879లో ఉపాధ్యాయ పరీక్ష నెగ్గి, మరుసటి యేట బోరొవ్‌స్కు అను చిన్నపట్టణమున గణితోపాధ్యాయుడుగా చేరెను. ఆ యేడే వర్వారా సొకొలోవా అను కన్యను వివాహమాడెను. వినికిడి కొరకు రేకుతో బూరలు తానే చేసికొని చెవికానించి, శిష్యుల జవాబులు వినెడివాడు.

బోరొవ్‌స్కునందు మాస్కోవంటి గ్రంథాలయము లేదు. ఆ లోపము ఎంతటి నష్టము తెచ్చెనో ఒక్క సంఘటన చాటును. 1880 దశకపు తొలినాళ్లలో వాయువుల కణముల చలనమునుగూర్చి ఆయన స్వయముగా ఆలోచించి, సిద్ధాంతము రచించి, పీటర్సుబర్గునందలి శాస్త్రజ్ఞుల సంఘమునకు పంపెను. ఆ విషయము దాదాపు ఇరువదియైదేండ్ల క్రిందటనే కనుగొనబడినదని సమాధానము వచ్చెను. గొప్ప బుద్ధియొకటి అప్పటికే త్రవ్వియున్న బావిని మరల త్రవ్వెను. చదువుటకు గ్రంథము అందియుండినచో ఆ శ్రమ మరియొక బావికి ఉపయోగపడియుండెడిది. అయినను పండితులు ఆయన ప్రజ్ఞను గుర్తించి ఆదరించిరి. ఆయనయు కుంగిపోలేదు.

1887లో ఇల్లు కాలి పుస్తకములు, వ్రాతప్రతులు నశించెను. 1892లో కలూగా పట్టణమునకు బదిలీ కాగా శేషజీవితమంతయు అచటనే గడిపెను. లోహపు విమానబుడగను నిర్మింపవచ్చునని లెక్కలతో నిరూపించినను ధనసహాయము లభింపలేదు. 1897లో తన సొంత ఖర్చుతో గాలిసొరంగ యంత్రమును నిర్మించి, వివిధాకారములను గాలి ఎట్లు అడ్డగించునో పరీక్షించెను. ఆ ప్రయోగములను సాగించుటకు విజ్ఞాన పరిషత్తు పిమ్మట 470 రూబుళ్లొసగెను.

ఆయన కీర్తికి మూలమైన లెక్కయు ఆ 1897వ సంవత్సరముననే కుదిరెను. దీపావళినాటి తారాజువ్వను చూచినవారికి దాని సారము సులభముగా బోధపడును. జువ్వ తనలోని మందును మండించి మంటను క్రిందికి విసరుచు తాను మీదికి పోవును. అది గాలిని త్రోసి పోవునది కాదు; కావున గాలి లేని శూన్యమునను పోగలదు. అయితే ఎంత వేగము పొందగలదు? దానికి త్సియొల్కోవ్‌స్కీ సూత్రము చెప్పెను. వెలువడు వాయువు ఎంత వేగముతో పోవునో, అంత వేగము వాహనమునకు కలుగవలెనన్నచో, బయలుదేరునప్పటి బరువు చివర మిగులు బరువునకు సుమారు 2.72 రెట్లుండవలెను. రెండింతల వేగమునకు 7.39 రెట్లు, మూడింతలకు 20 రెట్లు. వేగము కూడికగా పెరుగుచుండ, బరువు గుణకారముగా పెరుగును. చక్రవడ్డీ అప్పు ఎరిగిన రైతునకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

భూమి ఆకర్షణను దాటి పోవుటకు సెకండునకు 11.2 కిలోమీటర్ల వేగము కావలెను. వాయువు మూడు కిలోమీటర్ల వేగముతో వెలువడినచో, గాలి అడ్డును, పైకి లేచునప్పటి ఆకర్షణ నష్టమును విడిచిపెట్టినను, నలువదిరెండు బస్తాల బరువుతో బయలుదేరి ఒక్క బస్తా మిగులును, తక్కినదంతయు మండిపోవలసినదే. వాయువేగము నాలుగున్నర కిలోమీటర్లైనచో పండ్రెండు బస్తాలు చాలును. కావుననే ఆయన తుపాకిమందును విడిచి, ద్రవరూపమైన హైడ్రోజనును, ఆక్సిజనును ఇంధనముగా సూచించెను. ఈ విషయములు 1903లో ఒక శాస్త్రపత్రికయందు వెలువడెను. ఆ పత్రిక త్వరలోనే ఆగిపోగా, రెండవభాగము 1911 వరకు అచ్చున వెలుగు చూడలేదు. 1929లో మరియొక ఉపాయము వివరించెను. రాకెట్టులను రైలుపెట్టెలవలె కూర్చి, ఇంధనము తీరిన దానిని జారవిడిచినచో, ఖాళీ కుండల బరువు మోయనక్కరలేదు. నేటి బహుదశల రాకెట్టులకు ఇదియే మార్గము.

పుస్తకములు అచ్చొత్తించుటకు పలుమారులు ఆయనయే ఖర్చు భరించెను. ఆ భారము ఇంటిల్లిపాదిపైనను పడెను. 1902లో మాస్కోలో చదువుచున్న కుమారుడు ఇగ్నాతి ఆత్మహత్య చేసికొనెను. 1908లో ఓకానది వరద ఇంటిని ముంచెను. పట్టణమున పలువురు ఆయనను వింతమనిషిగా చూచిరి. భార్య వర్వారా ఇల్లు నడిపినందుననే ఆయన వ్రాత నడిచెను.

సుమారు నలువదియేండ్లు బడిపంతులుగా పనిచేసి విరమించిన పిమ్మట, 1921లో ప్రభుత్వము ఆయనకు జీవితాంత వేతనము మంజూరు చేసెను. 1923లో ఒడెస్సా నగరమునుండి వాలెంతీన్ గ్లుష్కో అను పదునైదేండ్ల బాలుడు ఆయన గ్రంథములు కోరి ఉత్తరము వ్రాసెను. వృద్ధుడైన పంతులు ఆ బాలునకు జవాబు వ్రాసి పుస్తకములు పంపెను. తాను బాల్యమున పొందిన ఉపకారమును ఆయన ఇట్లు మరియొక బాలునికి అందించెను.

1935వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన కలూగాలో త్సియొల్కోవ్‌స్కీ కన్నుమూసెను. ఆయన ఒక్క రాకెట్టునైనను ఎగురవేయలేదు. ద్రవ ఇంధనముతో తొలి రాకెట్టును 1926లో అమెరికాయందు గాడర్డు ఎగురవేసెను. అయినను 1957 అక్టోబరు 4వ తేదీన తొలి కృత్రిమోపగ్రహమును మోసిన రాకెట్టునకు ఇంజనులు రూపొందించిన వాడు, నాడు పుస్తకములకై ఉత్తరము వ్రాసిన ఆ గ్లుష్కోయే. ఆ రాకెట్టునకే మరికొన్ని దశలు చేర్చి 1961 ఫిబ్రవరిలో వెనెరా నౌకను శుక్రునివైపు పంపిరి. నడుమ వార్తలు ఆగిపోయినను అది శుక్రుని చేరువనుండి సాగిపోయెను. మరుసటి యేట అమెరికావారి మారినర్ నౌక శుక్రుని సమీపించి వార్తలు పంపెను.

మన తెలుగునేలపై పులికాటు సరస్సు చెంతనున్న శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5వ తేదీన నాలుగుదశల రాకెట్టు మంగళయానమును మోసికొని లేచెను. 2014 సెప్టెంబరు 24న ఆ నౌక అంగారకుని కక్ష్యను చేరెను. 2023 జులైలో అచటినుండియే చంద్రయానమును మోసిన రాకెట్టు పైదశయందు మండినవి ద్రవ హైడ్రోజను, ఆక్సిజనులే. కలూగా పంతులు కాగితముపై వ్రాసిన జమాఖర్చు శ్రీహరికోట తీరమునను తప్పలేదు.

ఫ్యోదొరోవ్ 1903లోనే, శిష్యప్రాయుని వ్యాసము అచ్చుపడిన యేటనే, మరణించెను. తాను పుస్తకములందించిన బాలుని లెక్క శుక్రాంగారకుల వరకు పోవునని ఆయన ఎరుగడు. గ్రంథాలయమున పుస్తకమందించు చేతికి ఆ ఫలము కనబడదు. కనబడనందున ఆ ఫలము లేకపోలేదు. ఏ మూల బల్లయొద్ద ఏ బాలుడు ఏ గ్రంథమును తెరచి కూర్చుండునో చెప్పజాలము గనుక, గ్రంథాలయపు తలుపు ప్రతిదినము తెరచియుండవలెను.