కోపాన్ని గెలిచిన నాయకుడు

ప్రతి ఏటా ఏప్రిల్ 14న మన హాస్టల్లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారి పటానికి దండ వేస్తాం. ఆయన చదువు గురించి, రాజ్యాంగం గురించి ఉపన్యాసాలు వింటాం. ఈ వార్షికోత్సవ సంచికలో మేము ఆయన కోపం గురించి రాయదలచుకున్నాం.

అంబేద్కర్ గారు 1891లో మౌలో జన్మించారు. సతారా బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చునేవారు. కుళాయి ముట్టుకోకూడదు. ప్యూను తిప్పితేనే నీళ్లు, ప్యూను లేకపోతే ఆ రోజు దాహమే. అమెరికాలో, లండన్‌లో చదివి 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరితే, బస చేసిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆ రోజు ఒక తోటలో కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇన్ని అవమానాలు మోసిన మనిషికి కోపం ఉండదా? ఉంది. దాన్ని ఆయన ఏం చేశారన్నదే మనకు పాఠం.

మహద్ పట్టణంలో చవదార్ చెరువు ఉంది. అందులో అందరూ నీళ్లు తీసుకోవచ్చని 1924లో మున్సిపాలిటీ తీర్మానించినా అది కాగితం దాటలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ గారు వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు దోసిట పట్టి తాగారు. అప్పటికి ఆయనకు 36 ఏళ్లు నిండలేదు. కాసేపటికే, వీళ్లు గుడిలోకి కూడా వస్తారట అని పుకారు లేచింది. ఊళ్లో వాళ్లు కర్రలతో విరుచుకుపడ్డారు. సభకు వచ్చినవాళ్లను కొట్టారు, తినే అన్నం మట్టిపాలు చేశారు.

మన వాళ్లలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు. నాయకుడు ఒక్క మాటంటే చాలు, తిరగబడేవారే. ఆయన ఆ మాట అనలేదు. శాంతంగా ఉండమని నచ్చజెప్పి, పోలీసుల దగ్గర కేసు పెట్టించారు. జూన్‌లో అయిదుగురికి నాలుగేసి నెలల కఠిన శిక్ష పడింది.

డిసెంబరులో మళ్లీ వేలమంది మహద్ చేరారు. ఈలోగా ఎదుటివారు కోర్టు నుంచి తాత్కాలిక నిషేధం తెచ్చారు. జనం జైలుకైనా సిద్ధమన్నారు. అయినా ఆయన వారిని ఒప్పించి సత్యాగ్రహం వాయిదా వేశారు, చెరువు చుట్టూ ఊరేగింపుగా నడిపించారు. తన వాళ్లకు నచ్చని మాట చెప్పడం ఏ నాయకుడికైనా కష్టమే. కోర్టులో పదేళ్లు పోరాడారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు మన పక్షాన వచ్చింది.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో దీన్నే ఎమోషనల్ ఇంటెలిజెన్స్ అంటున్నారు. తన మనసులో ఏముందో తెలుసుకోవడం, ఎదుటివాళ్ల మనసులో ఏముందో గ్రహించడం, రెండింటినీ మంచి దారిలో నడపడం. కోపం చంపుకోవడం కాదు. అంబేద్కర్ గారు కోపం చంపుకోలేదు, పదేళ్లపాటు దాన్ని ఆరనివ్వలేదు. 1956లో కన్నుమూసేదాకా అది ఆయన చేత పని చేయించింది.

ఒకసారి పప్పు నీళ్లలా ఉందని మేము పళ్లాలు మోగించాం, ట్యూబులైటు పగలగొట్టాం. పప్పు మారలేదు, రెండు వారాలు చీకట్లో చదువుకున్నాం. తర్వాత అందరం సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. పప్పు చిక్కబడింది.

తమ్ముళ్లారా, మీకూ కోపం వస్తుంది. రావాలి కూడా. అది వచ్చిన రోజున పటంలోని ఆ కళ్లజోడు మనిషిని ఒక్క నిమిషం తలచుకోండి. ఆ తర్వాత కలం తీయండి.