జాన్ మ్యూర్: కొండలను చదివిన మనుష్యుడు

కోతపండుగనాడు మన సంఘములలో 104వ కీర్తన చదువుదుము. కొండమేకలు, పక్షులు, సింహపు పిల్లలు అన్నియు అందులో కనబడును. చదివి ముగించి కానుకల వేలమునకు పోవుదుము. ఆ కీర్తనలోని సంగతులను కాలినడకను పోయి కన్నులార చూచిన యొక మనుష్యుని చరిత్రను ఈ నెల మన చదువరుల యెదుట ఉంచుచున్నాము.

జాన్ మ్యూర్ 1838 ఏప్రిల్ 21న స్కాట్లండులోని డన్బార్ అను సముద్రతీర పట్టణమున జన్మించెను. తండ్రి డేనియల్ మ్యూర్ భక్తిపరుడే గాని బహు కఠినుడు. దినదినము వాక్యములు కంఠస్థము చేయించి, తప్పినచో కొట్టెడివాడు. పదునొకండేండ్లకే ఆ బాలునికి క్రొత్త నిబంధన అంతయు, పాత నిబంధనలో చాలా భాగమును నోటికి వచ్చెను. 1849లో కుటుంబము అమెరికాకు వలసపోయి, విస్కాన్సిన్ రాష్ట్రములో అడవి నరికి పొలము చేసికొనెను.

అక్కడి బావి సంగతి చెప్పక తప్పదు. వారి రెండవ పొలములో నీరు లేదు. ఇసుకరాతిని ఉలితోను సుత్తెతోను చెక్కుచు 90 అడుగులు దిగవలసి వచ్చెను. ఆ పని అంతయు జాన్‌దే. ప్రొద్దున బొక్కెనలో దింపుదురు, మధ్యాహ్నము భోజనమునకు పైకి తీయుదురు, మరల దింపుదురు. సుమారు 80 అడుగుల లోతున ఒక ఉదయము అడుగున నిలిచిన విషవాయువు తగిలి అతడు తల వాల్చెను. పైనుండి తండ్రి వేసిన కేకలకు ఎట్లో బొక్కెనలోనికి చేరి బ్రదికెను. కొంచెము తేరుకొనగానే మరల అదే గోతిలోనికి దిగెను. పూడిక తీయుటకు బావిలో దిగి ఇట్లే ప్రాణము విడిచినవారిని మన గ్రామములలో మేమును సమాధి చేసి యున్నాము గనుక ఈ భాగమును త్వరగా దాటిపోలేకున్నాము.

తరువాత అతడు విశ్వవిద్యాలయములో కొంతకాలము చదివి, కర్మాగారములలో పనిచేసెను. 1867 మార్చిలో ఇండియానాపొలిస్ పట్టణమున బండ్ల సామగ్రి చేయు చోట ఆకురాయి జారి కుడికంటిలో గ్రుచ్చుకొనెను. ఎడమకన్నును చూపు తప్పెను. కొన్ని వారములు చీకటి గదిలో పండుకొనెను. చూపు తిరిగి వచ్చినప్పుడు, ఇక యంత్రముల కొరకు కాక దేవుని చేతిపనులను చూచుటకే ఆ కన్నులను వాడుకొనవలెనని తీర్మానించుకొనెను. ఆ శరత్కాలమందే కెంటకీనుండి ఫ్లోరిడా తీరమువరకు, సుమారు వెయ్యి మైళ్లు నడిచెను. అక్కడ మలేరియా పట్టి చావు దాపునకు వచ్చెను. 1868లో కాలిఫోర్నియా చేరెను.

1869 వేసవిలో రెండువేల గొఱ్ఱెల మందతో సియెర్రా నెవాడా కొండలు ఎక్కెను. మంద నడచిన దారిలో పూవుగాని గడ్డిగాని మిగులకుండుట చూచి, పిమ్మట ఆ పచ్చికబయళ్లను గొఱ్ఱెలనుండి కాపాడుటకే వ్రాసెను. మా సంఘములోని కాపరులు దీనికి సమ్మతింపరని ఎరుగుదుము. అతడు కాపరిగా ఉండి చూచినదే చెప్పెనని మాత్రము వారు గమనింతురు గాక.

అక్కడి యోసెమిటీ లోయలో వేలాది అడుగుల రాతిగోడలమీదనుండి జలపాతములు దూకును. ఆ లోయను చెక్కినది హిమానీనదములని, అనగా కదలు మంచుగడ్డలని, అతడు కొండలన్నియు తిరిగి చూపించెను. గొప్ప పండితులు మొదట నవ్విరి. ఆ ప్రాంతపు సెక్వోయా వృక్షములలో కొన్ని 250 అడుగులకు మించిన ఎత్తును మూడువేల ఏండ్లకు మించిన వయస్సును గలవి. దావీదు గొఱ్ఱెలు కాచిన దినములకే అవి నిలిచి యుండెను. చలికాలమున సహితము వాగులో మునిగి పురుగులను ఏరుకొని, రాతిమీద నిలిచి పాడు చిన్న బూడిదరంగు పిట్టను గూర్చి అతడు ఒక దీర్ఘవ్యాసమే వ్రాసెను.

ఇవి తండ్రికి నచ్చలేదు. 1874లో ఆయన కుమారునికి ఉత్తరము వ్రాసి, మంచుకొండలవలన విశ్వాసికి మేలు లేదనియు, అట్టి వ్రాతలను కాల్చివేయవలెననియు ఆజ్ఞాపించెను. కుమారుడు కాల్చలేదు. జాన్ పెద్దవాడైన తరువాత క్రమముగా ఆరాధనకు పోవువాడు కాడు. అతని మాటలన్నియు మన బోధకు సరిపడవు. అయినను ఆ తండ్రి ఉత్తరము మమ్మును వదలకున్నది. ప్రార్థనవేళ కిటికీవైపు చూచిన పిల్లలను మేమును గద్దించి యున్నాము. ఆ పిల్ల చూచినదేమో మేము అడుగలేదు.

1880లో అలాస్కాలో ప్రెస్బిటేరియన్ మిషనరీయగు శామ్యూల్ హాల్ యంగ్‌తో కలిసి ప్రయాణము చేసెను. యంగ్‌గారి చిన్న నల్లకుక్క స్టికీన్ ఒక తుపాను దినమున మంచుమీద జాన్ వెంట పోయెను. సాయంకాలము లోతైన పగులు అడ్డు వచ్చెను. దాటుటకు కత్తి అంచువంటి మంచువంతెన ఒకటే దారి. జాన్ గొడ్డలితో మెట్లు చెక్కుకొని దాటెను. కుక్క ఒడ్డున నిలిచి ఏడ్చెను. జాన్ పిలిచి పిలిచి ధైర్యము చెప్పగా, అడుగులో అడుగు వేసి వచ్చి, పిచ్చి సంతోషముతో గంతులు వేసెను. జంతువునకును మనవంటి భయమును ఆనందమును కలవని అతడు ఆ దినమున నేర్చుకొనెను. ఆ కథను 1909లో పుస్తకముగా ప్రచురించెను.

1885లో తండ్రి అవసానదశలో ఉండగా, జాన్ కాలిఫోర్నియానుండి కాన్సస్ సిటీకి పోయి, తోబుట్టువులను పిలిపించి, పడక ప్రక్కనే కూర్చుండెను. ఆ తండ్రి కన్ను మూసినప్పుడు ఈ కుమారుడు అచ్చటనే యుండెను.

1890లో లోయ చుట్టునున్న భూమి జాతీయవనముగా ప్రకటింపబడుటలో అతని వ్యాసములు మిక్కిలి తోడ్పడెను. అట్టి భూమి ఒకని సొత్తు కాదు, దేశప్రజలందరిది. 1892లో సియెర్రా క్లబ్బు స్థాపింపబడగా అతడే మొదటి అధ్యక్షుడాయెను. 1903 మేలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అతనితో మూడు రాత్రులు ఆరుబయట పండుకొనెను. ఒక తెల్లవారుజామున దుప్పట్లపై మంచు కురిసి యుండెను. 1906లో లోయయు జాతీయవనములో చేరెను.

అయితే ఆ లోయ మునుపు నిర్జనము కాదు. అక్కడ నివసించిన అవానీచీ జనులను 1851లో ఆయుధములతో తరిమిరి. జాన్ తన తొలి వ్రాతలలో ఆ కొండల ఆదివాసులను చులకనగా వ్రాసెను. 2020లో అతని క్లబ్బే ఆ తప్పును ఒప్పుకొనెను. పిట్టలో దేవుని చేతిపనిని చూచినవాడు పొరుగువానిలో చూడలేకపోయెను.

చివరి పోరాటములో ఓడిపోయెను. జాతీయవనములోనిదే యగు హెచ్ హెచీ లోయలో ఆనకట్ట కట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకు నీరు తీసికొనుటకు 1913 డిసెంబరులో చట్టమాయెను. 1923లో ఆనకట్ట పూర్తియై ఆ లోయ నీట మునిగెను. దానిని చూచుటకు అతడు లేడు. 1914 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందుదినమున, లాస్ ఏంజెలిస్ ఆసుపత్రిలో న్యుమోనియాతో మరణించెను. అతనికి 76 ఏండ్లు. అలాస్కా మంచుకొండలను గూర్చి తాను వ్రాయుచున్న కాగితములను ఆసుపత్రికి వెంట తెచ్చుకొనెను.