యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు, 1948) ప్రఖ్యాత జీవరసాయన శాస్త్రవేత్త. అరుదైన ముడిపదార్థంపై ఆధారపడిన ఫోలిక్ ఆమ్లాన్ని కర్మాగారాలలో తయారు చేయడానికి మార్గం చూపిన బృందానికి సారథి.

జీవిత విశేషాలు

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. ఆయన సోదరుడొకరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో మరణించాడు. మద్రాసులో వైద్యవిద్య ముగించి అమెరికా వెళ్ళాడు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించి, 1925లో ప్రకటించాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు.

ఫోలిక్ ఆమ్లం

అప్పట్లో ఈ విటమిన్‌కు ముఖ్య ఆధారం జంతువుల కాలేయం. ఎంత కాలేయాన్ని శుద్ధి చేసినా లభించేది అత్యల్పం. కాలేయం సరఫరా తగ్గితే మందూ కరవయ్యేది. సుబ్బారావు బృందం సూక్ష్మజీవుల నుండి కూడా దానిని వేరుచేసింది. తరువాత నిర్మాణాన్ని తేల్చి, 1945లో రసాయనికంగా సంశ్లేషించింది. దానితో కాలేయం అవసరం లేకుండానే స్ప్రూకు, కొన్ని రకాల రక్తహీనతకు మందు సమృద్ధిగా తయారు చేయడం సాధ్యమయింది.

ఇతర పరిశోధనలు

ఫోలిక్ ఆమ్లపు అణువును మార్చి ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ 1947లో పిల్లల ల్యుకేమియాకు వాడాడు. బోదకాలు మందు హెట్రజాన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ కూడా సుబ్బారావు నాయకత్వంలోనే వెలువడ్డాయి.

గుర్తింపు

శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.